మూడు తట్టల కల

నజ్లత్ బిష్రీ,
హతూర్ నెల 21

అన్నయ్యకి ఇన్సాఫ్ రాస్తున్నది.

కవరు మీద, మఠం తండ్రుల్ని పిలిచినట్టు, 'అబూనా బీజీమీ' అనే రాశాను. లోపల మాత్రం అన్నయ్యా అనే పిలుస్తాను, కోపం తెచ్చుకోకు. అమ్మ పెట్టిన నాషిద్ అన్న పేరును మఠం వాళ్ళు తీసేశారు గానీ, నీ చేత దెబ్బలు తిన్న వీపు నాదే కదా, దానికి కొత్త పేర్లు తెలియవు.

నువ్వు కలలకు అర్థం చెబుతావని మల్లవీ పట్నం దాకా పేరు పాకిందట. జనం లారీలెక్కి నీ దగ్గరికి కలలు మోసుకొస్తున్నారని మన ఊరి చర్చి గురువు అబూనా మూసా గొప్పగా చెప్పుకుంటున్నాడు. అయితే నేనూ ఒకటి మోసుకొచ్చాను, విను.

మన తమ్ముడు వహీబ్ ఇప్పుడు చర్చిలో కుర్బాన్ రొట్టెలు కాలుస్తున్నాడు. మొన్న వాడికొక కల వచ్చింది. తలమీద మూడు తట్టలు, నిండా వాడు కాల్చిన రొట్టెలే. బలిపీఠం వైపు నడుస్తుంటే పిట్టలొచ్చి పై తట్టలోంచి తింటున్నాయట. అదిలిద్దామంటే చేతులు పైకి లేవలేదట. వాడు నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. ఫరో చెరసాలలో ఇలాంటి కలే కన్న రొట్టెలవాడికి, మూడు రోజుల్లో నిన్ను వేలాడదీస్తారు, పిట్టలు నీ మాంసం తింటాయి అని యోసేపు చెప్పింది నేనూ చదివాను.

నువ్వు పారతో కొట్టిన దెబ్బకు బొక్తొర్ వాళ్ళ ఫాయెజ్ పోయి ఆరేళ్ళయింది. కాలవ నీళ్ళ వంతు కోసం అంత పని చేశావు. ఆ ఇంట్లో ఇవాళ్టికీ పరామర్శకు చాప పరవలేదు. చక్కెర లేని చావు కాఫీ ఒక్క కప్పు కూడా ఎవరికీ పోయలేదు. రక్తానికి రక్తం చూశాకే ఆ కాఫీ కాస్తానని వాళ్ళమ్మ గలీలా పొయ్యి మీద ఒట్టేసింది. ఇప్పుడు ఆమె చిన్నకొడుకు హలీమ్ సైన్యం నుంచి తిరిగొచ్చాడు. కాలవ గట్టున కూచుని చెరుకు నములుతూ మన వాకిలికేసే చూస్తుంటాడు. వాళ్ళకు కావలసింది నువ్వు. నువ్వు దొరకవు కనక వహీబ్.

రాజీ పెద్దలు ఒక దారి తెచ్చారు. నువ్వు చెప్పుల్లేకుండా, నీ శవానికి చుట్టాల్సిన కఫన్ గుడ్డను నీ రెండు చేతుల మీదా పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా వాళ్ళ గడపకు నడిచొస్తే చాలు. గలీలా ఆ గుడ్డ అందుకుని నీకు బదులు పొట్టేలును కోయిస్తుంది. దానికి పెద్దలు పూచీ. రెండు రోజుల పని. వచ్చి వెళ్ళు అన్నయ్యా.

నీ చెల్లెలు,
ఇన్సాఫ్

*

మఠం నుంచి,
కియాహ్క్ 5

ప్రభువునందు ప్రియమైన చెల్లెలికి, దీనుడైన బీజీమీ ఆశీస్సులు.

నీ ఉత్తరం సాయంకాల ప్రార్థన తరవాత చేతికందింది. నీ అక్షరాలు చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. నేను ఇక్కడ ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను, నీకు తెలిసి ఉండదు. లేఖనాల్లోని కలలు నా విశ్వాసానికి నేర్పిన పాఠాలు అందులో ఉంటాయి. యాకోబు అధ్యాయం అయింది. రాయి తలగడగా పెట్టుకున్నవాడికే నిచ్చెన కనబడింది కానీ, దూదిపరుపు మీద పడుకున్నవాడికి కాదు. మా మఠం పెద్దాయన ఈ వాక్యం విని కళ్ళు తుడుచుకున్నారు.

వహీబ్ కలకు భయపడకు. ఫరో రొట్టెలవాడు అవిశ్వాసి. మన వహీబ్ కాల్చేది బలిపీఠానికి. మూడు తట్టలూ త్రిత్వం. పిట్టలు దేవదూతలు. చేతులు లేవలేదంటే, వాడు తన చిత్తాన్ని దేవుడికి అప్పగించాడని అర్థం. ఇంత మంచి కల ఈ ఏడాదంతా నా దగ్గరికి రాలేదు, పుస్తకంలో వేసుకుంటాను.

ఇక రమ్మని రాశావు. చెల్లీ, నేను చనిపోయానని నువ్వు మరిచినట్టున్నావు. సన్యాసం తీసుకున్న రోజు నన్ను బలిపీఠం ముందు నేలమీద పడుకోబెట్టి, ముసుగు కప్పి, చావు ప్రార్థన మొత్తం చదివారు. కన్నతల్లి పాడె వెనక కూడా మేము నడవం. చచ్చినవాడు తన కఫన్ తానెలా మోస్తాడు?

ఆనాడు మరియమ్మ భర్త యోసేపుకు దేవదూత కలలో 'లేచి పారిపొమ్ము' అని చెబితే ఆయన మారుమాట లేకుండా లేచాడు. అదే మాట ఆ రాత్రి నాకూ కలలో వినబడింది. లేచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళమని ఏ కలా చెప్పలేదు.

ఉపవాస కాలం కదా, ఇక్కడి పప్పు నోటికి రుచించడం లేదు. ఎవరైనా వస్తుంటే మన చెరుకు పాకం ఒక కుండ పంపించు.

నీకోసం ప్రార్థించే,
బీజీమీ

*

నజ్లత్ బిష్రీ,
కియాహ్క్ 16

అన్నయ్యా,

పాకం పంపాను. కుండ మూతికి గుడ్డ గట్టిగా బిగించాను, జాగ్రత్తగా విప్పుకో.

కల మాట ఎత్తావు కనక అడుగుతున్నాను. ఆ రాత్రి నీకు కల ఎప్పుడొచ్చింది? నువ్వు నిద్రపోలేదు కదా. పెరట్లో పార కడుక్కున్నావు, గిన్నెలో మిగిలిన ములూఖియా కూర అంతా తిన్నావు, నా చేత బట్టలు మూట కట్టించుకున్నావు. మేలుకున్నవాడికి దేవదూత కలలో కనబడ్డం ఏ గ్రంథంలో ఉందో కాస్త రాయి.

నీ ఉత్తరం పట్టుకుని పెద్దల దగ్గరికి వెళ్ళాను. రానన్నాడని చెబితే వాళ్ళలో వాళ్ళు తర్జనభర్జన పడ్డారు. అబూనా మూసా అన్నాడు కదా, నాషిద్ చర్చి లెక్కలో చచ్చిపోయాడు, కాబట్టి ఆ ఇంటికి పెద్ద మగవాడు వహీబే, వాడు కఫన్ మోస్తే చెల్లుతుంది అని. మిగతావాళ్ళు ఔననలేదు, కాదనలేదు. గలీలాకు కబురు పెడితే జవాబు రాలేదు. ఆమె కసిరితే భయం వేయదు నాకు, మాట్లాడకపోతేనే వేస్తుంది. అన్న బతికుండగా తమ్ముడు గుడ్డ మోసుకెళ్ళడమంటే అవతలి ఇంటి ముఖాన ఉమ్మినట్టేనని నీకు తెలియనిది కాదు.

వహీబ్ మాత్రం ఎగిరి గంతేశాడు. పందొమ్మిదేళ్ళ మీసానికి పెద్దరికం దొరికింది మరి. కానీ అన్నయ్య చెబితేనే వెళ్తానంటున్నాడు. వాడికి నీ మాటంటే సువార్తే.

నాకూ ఒక కల వచ్చింది. వాడి తెల్ల గలబియ్యా అంగీ ఉతుకుతున్నాను. ఎన్నిసార్లు జాడించినా నీళ్ళు ఎర్రగానే వస్తున్నాయి. వెనకనుంచి ఎవరో 'ఆరెయ్యి, ఆరెయ్యి' అంటున్నారు. అన్నయ్యా, నేనెప్పుడూ నిన్నేమీ అడగలేదు. రక్తం బాకీ ఉన్న ఇంటి పిల్లనని నన్ను చేసుకునేవాడు రాకపోయినా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రాలేకపోతే మానె, వాణ్ణి వెళ్ళొద్దని మాత్రం ఒక్క ముక్క రాయి. వాణ్ణి ఇస్కందరియాలో మేనమామ దగ్గరికి పంపేస్తాను.

ఇన్సాఫ్

*

మఠం నుంచి,
కియాహ్క్ 28

ప్రియమైన చెల్లెలికి,

రేపు క్రీస్తు పుట్టిన పండగ. రక్షకుడు నీ ఇంటిని ఆశీర్వదించుగాక. పాకం చాలా బాగుంది, కాస్త మాడిన వాసన వచ్చినా.

నీ ఉత్తరంలో ఒక వెటకారం ఉంది, దాన్ని క్షమించాను. నీ కల సంగతి మాత్రం పెద్దన్నగా చెప్పక తప్పదు. లేఖనాలు తిరగెయ్యి. కలలు కన్నవాళ్ళు అబీమెలెకు, యాకోబు, యోసేపు, ఫరో, సొలొమోను, దానియేలు. అందరూ మగవాళ్ళే. కలగన్నదని పేరొచ్చిన ఆడది ఒక్కతే, పిలాతు పెళ్ళాం. 'ఆ నీతిమంతుని జోలికి పోవద్దు, కలలో చాలా బాధపడ్డాను' అని కబురు పెట్టింది. పిలాతు ఆమె మాట వినుంటే సిలువ ఉండేదా? మన రక్షణ ఉండేదా? ఆడవాళ్ళ కలలు భయంలోంచి పుడతాయి, రాత్రి తిన్న బాకలా చిక్కుళ్ళలోంచి పుడతాయి. నొచ్చుకోకు, నీ మేలు కోరే చెబుతున్నాను.

నాకు కూడా వహీబ్ గురించి ఒకటి కనబడింది. చేలో పనలు కడుతున్నాం. వాడి పన నిటారుగా నిలబడింది, బొక్తొర్ వాళ్ళ పనలన్నీ దాని చుట్టూ చేరి వంగాయి. ఇంకేం కావాలి? దేవుడు ఎప్పుడూ చిన్నవాణ్ణే ఎన్నుకుంటాడు. యోసేపు కథ నేర్పే పాఠం అదే కదా. అబూనా మూసా చెప్పింది శాస్త్రసమ్మతం. నేను చచ్చినవాణ్ణి, వాడే పెద్ద.

ప్రభువు బాప్తిస్మం పుచ్చుకున్న గితాస్ పండగ మర్నాడు, ఒళ్ళంతా పవిత్రజలం తడి ఆరకముందే వాడు వెళ్ళాలి. వాడికి విడిగా ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. గలీలాకు చూపించమన్నాను. నాషిద్ మరణించాడని, పెద్దరికం తమ్ముడిదని నా చేత్తోనే రాశాను. ఇస్కందరియా మాట మళ్ళీ ఎత్తకు. వాణ్ణి పిరికివాణ్ణి చెయ్యకు.

బీజీమీ

*

నజ్లత్ బిష్రీ,
తూబా 7

అబూనా,

నీ ఉత్తరం అందింది. వాడిది వాడు తీసుకుని గుండె జేబులో పెట్టుకున్నాడు. పడుకునేటప్పుడూ తియ్యడం లేదు.

కఫన్ గుడ్డ నేనే కొన్నాను. అంగడివాడు ఎంత పొడుగు మనిషికని అడిగాడు. ఏమని చెప్పను? వాడి పొడుగు వేలితో గాల్లో చూపించాను.

నీ మీద కోపంతో ఇది రాయడం లేదు. కోపమంతా పండగ పిండి పిసికేటప్పుడు అయిపోయింది. బతిమాలుతున్నాను. నీ మనసులో ఆవగింజంత అనుమానమున్నా మఠం లారీ మనిషి చేత కబురు పంపు. ఆ లారీ గితాస్ పొద్దున్నే మల్లవీ వస్తుంది. నేను రోడ్డు దగ్గర నిలబడి ఉంటాను. 'ఆగు' అని ఒక్క మాట చాలు. నేనంటే వినడు, నువ్వంటే ఆగుతాడు.

నిన్న వాడి చెప్పులు దాచేశాను. వాడు విరగబడి నవ్వాడు. "అక్కా, వెళ్ళాల్సింది ఒట్టి కాళ్ళతోనే కదా," అన్నాడు.

ఇన్సాఫ్

*

మఠం నుంచి,
తూబా 13

ప్రియమైన చెల్లెలికి,

ఈపాటికి అంతా అయిపోయి ఉంటుంది, పొట్టేలు మాంసం ఊరంతా పంచి ఉంటారు. దేవునికి స్తోత్రం. నీ ఉత్తరం లారీ వెళ్ళిపోయాక అందింది. అందినా నేను పంపవలసిన కబురేదీ లేదనుకో.

నా పుస్తకంలో పనల అధ్యాయం ముగించాను. తమ్ముడి పేరు రాయలేదు గానీ 'ఒక యౌవనుడు' అని రాశాను, చదివితే మన ఊరివాళ్ళు పట్టేస్తారు. నిజం చెప్పాలంటే ఆ పనలు కలలో చూశానో, ప్రార్థనలో తలపుకొచ్చాయో ఇప్పుడు సరిగా గుర్తులేదు. దేవునిలో ఉన్నవాడికి రెండూ ఒకటే.

గలీలా గుడ్డ అందుకునేటప్పుడు ఏమందో, ఏడ్చిందో లేదో వివరంగా రాయి. అధ్యాయం చివర వేసుకోవడానికి పనికొస్తుంది. వహీబ్‌ను పండగ చెరుకు కొంచెం తీసుకుని ఇక్కడికి రమ్మను. ఇప్పుడు భయం లేకుండా తిరగొచ్చు కదా.

బీజీమీ

*

నజ్లత్ బిష్రీ,
తూబా 24

అబూనా,

వివరంగా రాయమన్నావు. రాస్తున్నాను.

గితాస్ పొద్దున రోడ్డు మీద నిలబడ్డాను. లారీ వచ్చింది, వెళ్ళింది. మర్నాడు వాడు ఎప్పటిలాగే రొట్టెలు కాల్చాడు. చల్లారాలని వాకిట్లో మూడు తట్టల్లో పెట్టాడు. "వచ్చి చర్చికి చేరుస్తాను, పిట్టలు వాలకుండా చూడు," అని నాకు చెప్పి, గుడ్డ చేతుల మీద పరుచుకుని నడిచాడు. వాణ్ణి వదిలి తట్టలకు కాపలా ఎలా కాస్తాను? వెనకే వెళ్ళాను.

ఊరంతా గోడలకానుకుని నిలబడింది. గలీలా గడప మీద కూచుని ఉంది. వహీబ్ మోకాళ్ళూని గుడ్డ ఎత్తి పట్టుకున్నాడు. ఆమె గుడ్డను చూడలేదు.

"నాషిద్ ఏడీ?" అంది.

వహీబ్ తడబడకుండా, చిన్నప్పుడు కీర్తనలు ఒప్పజెప్పినట్టు చెప్పాడు. అన్నయ్య చనిపోయాడు, చర్చిలో చావు ప్రార్థన చదివారు, ఇప్పుడు ఇంటికి పెద్దను నేను, అని. నీ ఉత్తరం తీసి ఇచ్చాడు. హలీమ్ దాన్ని అందరికీ వినబడేలా చదివాడు. 'నాషిద్ మరణించాడు' అన్న చోట ఆగి, ఎవరు రాశారని అడిగాడు. అన్నయ్యే రాశాడని వహీబ్ చెప్పాడు. ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది.

గలీలా నెమ్మదిగానే అంది. "ఆ చావుకి మమ్మల్ని ఎవరూ పిలవలేదే."

ఆమె లేచి లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది. మాట పూర్తయిందని హలీమ్‌కు అర్థమైంది. వహీబ్‌కు కాలేదు. వాడు గుడ్డ ఎత్తి పట్టుకునే ఉన్నాడు. చేతులు దించలేదు అబూనా, అడ్డం పెట్టుకోలేదు, నువ్వు చెప్పిన పనలు వంగుతాయని చూస్తున్నాడు. తుపాకీ రెండుసార్లు పేలింది.

ఇంకో కఫన్ కొనే పని లేకపోయింది. పొడుగు సరిగ్గా సరిపోయింది.

ఇంటికొచ్చేసరికి పై తట్ట ఖాళీ. రెండో తట్ట మీద పిట్టలు ఇంకా వాలి ఉన్నాయి. నన్ను చూసి కూడా ఎగరలేదు.

పోలీసులు వచ్చారు. ఎవరు కాల్చారో చూడలేదని చెప్పాను. ఊరంతా అదే చెప్పింది.

గలీలా ఏడ్చిందా అని అడిగావు. ఆ సాయంత్రం వాళ్ళ వాకిట్లో చాపలు పరిచారు. ఆరేళ్ళ తరవాత ఫాయెజ్‌కు కాఫీ కాచింది. అప్పుడు ఏడ్చిందట. నీ అధ్యాయం చివర వేసుకో.

ఇన్సాఫ్

*

మఠం నుంచి,
అమ్‌షీర్ 3

ఇన్సాఫ్, నా తల్లీ,

ఏం రాయాలో తెలియడం లేదు. తిండి సయించడం లేదు. కళ్ళు మూస్తే వాడు చేతులెత్తుకుని నిలబడి ఉంటాడు. చిన్నప్పుడు నా భుజాల మీదెక్కి ఖర్జూరాలు కోసినవాడు.

నేను మంచి మనసుతోనే చెప్పాను. దేవుడు సాక్షి. పుస్తకం పొయ్యిలో వేద్దామనుకున్నాను, మా పెద్దాయన వారించారు.

నలభయ్యో రోజు ప్రార్థనకు వస్తాను. పెద్దాయన అనుమతి ఇవ్వకపోయినా వస్తాను. ఒట్టి కాళ్ళతో నడిచి, నా కఫన్ నేనే మోసుకుని గలీలా గడపకు వస్తాను. నువ్వు కోరిందదే కదా. ఒక్క మాట రాయి, బయలుదేరతాను. నన్ను తిట్టు, శపించు, కానీ అబూనా అని పిలవకు. అన్నయ్యా అను.

నాషిద్

*

నజ్లత్ బిష్రీ,
అమ్‌షీర్ 15

అబూనా బీజీమీకి,

రావద్దు. చచ్చినవాళ్ళు నడిచొస్తే ఊళ్ళో పిల్లలు దడుచుకుంటారు.

ఇంతకీ మన ఇంట్లో జరగవలసిన పని ఒకటి ఆరేళ్ళుగా మిగిలిపోయిందని నీ ఉత్తరం చూశాకే గుర్తొచ్చింది. ఆదివారం వాకిలి ఊడ్చి చాపలు పరిచాను. చక్కెర లేకుండా కాఫీ కాచాను. అబూనా మూసా వచ్చి వహీబ్ ఆత్మకు ప్రార్థన మొదలుపెట్టబోతే ఆపాను. వహీబ్‌కు కాదు, మా అన్నయ్య నాషిద్‌కు అని చెప్పాను. బతికున్నవాడికి ఎలా చదవనమ్మా అన్నాడు. చచ్చాడని వహీబ్ చేత గలీలాకు చెప్పించింది మీరే కదా అన్నాను. చదివాడు.

ఊరంతా వచ్చింది. అందరికీ నా చేత్తోనే కాఫీ పోశాను. గలీలాకు ప్రత్యేకంగా కబురు పెట్టాను. నల్ల ముసుగేసుకుని వచ్చి నా పక్కనే కూచుంది.

"ఈసారి పిలిచావు, వచ్చాను," అంది.

కప్పు ఖాళీ చేసి, మరి వహీబ్‌కు ఎప్పుడు కాఫీ కాస్తావని అడిగింది. అడుగుతూ హలీమ్ కూచున్న వైపు చూసింది, ఎంతైనా తల్లి కదా. వాడి కాఫీ ఇప్పుడే కాయనని చెప్పాను. భయపడకు, అది మీ ఇంటి బాకీ కాదని కూడా చెప్పాను. ఆమె నా మొహం చూసింది, తరవాత మఠమున్న ఎడారి వైపు చూసింది. ఆరేళ్ళు ఆ కాఫీ కాయకుండా కూచున్న మనిషి, ఆమెకు విడమరిచి చెప్పే పని లేకపోయింది. నా చెయ్యి గట్టిగా నొక్కి వెళ్ళిపోయింది.

పునరుత్థాన పండగకు మఠం తలుపులు ఆడవాళ్ళకూ తెరుస్తారట. లారీలో చోటు చెప్పి పెట్టుకున్నాను.

నిన్న నాకు ఒక కల వచ్చింది. బాకలా తినలేదు, భయమూ లేదు. కళ్ళారా చూసినట్టు అంతా గుర్తుంది. ఎవరు నిలబడ్డారో, ఎవరు వంగారో, నా చేతిలో ఏముందో, అన్నీ. నీకు మాత్రం చెప్పను.

నీ పుస్తకంలో ఆ అధ్యాయం రాశావో లేదో తెలియదు. బబులోను రాజు నెబుకద్నెజరు తన కల తాను చెప్పలేదు. కలేమిటో, దాని అర్థమేమిటో రెండూ మీరే చెప్పాలని జ్ఞానుల్ని పిలిచి అడిగాడు. చెప్పలేకపోతే ముక్కలుగా నరికిస్తానన్నాడు, అది నీకు నాకంటే బాగా తెలుసు.

నేను వచ్చేలోగా చెప్పు అబూనా. నాకేం కల వచ్చింది?

ఇన్సాఫ్